అమ్మమ్మ బడికొచ్చిన వానాకాలం

ఆ వానాకాలం మా అమ్మమ్మ నా క్లాసులో, నా బల్ల మీద, నా పక్కనే కూర్చుని చదువుకుంది. చదువుకుంది అనడం కొంచెం ఎక్కువేమో. కూర్చుంది. అంతమాత్రానికే మా బడికి తల ప్రాణం తోకకొచ్చింది.

మా బడిలో మాట్లాడకూడదు. ఆ మాట అన్ని బళ్ళలోనూ అంటారు లెండి, మా బడిలో మాత్రం నిజంగానే మాట్లాడకూడదు. పాఠం చెప్పడానికి మనుషులు ఉండేవాళ్ళు కాదు. నల్లబల్ల పైన, గోడకి, గిన్నె మూతంత స్పీకరు ఒకటి బిగించి ఉండేది. పొద్దున బెల్లు కాగానే దాంట్లోంచి ఒక గొంతు పాఠం ఎత్తుకునేది. అది ఆడ గొంతో మగ గొంతో చెప్పలేం. కోపం లేదు, ముద్దూ మురిపెం లేవు, ఏడాది పొడుగునా జలుబైనా చేయదు. మేము దాన్ని "గోడ" అనేవాళ్ళం.

గోడకి వినపడేది కూడా. గదిలో చీమ చిటుక్కుమన్నా సరే, చెబుతున్నది చటుక్కున ఆపేసి, "శబ్దం వినిపించింది. మళ్ళీ మొదటి నుంచి" అని ఆ వాక్యాన్నే తిరిగి ఎత్తుకునేది. ఆ రోజు పాఠం పూర్తయితే గానీ గేటు తీయరు. పూర్తి కాకపోతే చీకటి పడేదాకా అలా కూర్చోవలసిందే. అందుకని ఎవడైనా దగ్గితే మిగతా వాళ్ళమంతా వాడి వంక కొరకొరా చూసేవాళ్ళం. మమ్మల్ని అదుపులో పెట్టడానికి బెత్తం పట్టుకున్న మనిషి అక్కర్లేదు, మాకు మేమే సరిపోయేవాళ్ళం.

అన్నిటికన్నా పెద్ద భయం వానాకాలం చివర వచ్చే "వేలు చూపే రోజు". ఆ రోజు ప్రతి క్లాసూ తనలో అందరికన్నా ఎక్కువ శబ్దం చేసే ఒకరిని వేలు పెట్టి చూపించాలి. ఎక్కువ వేళ్ళు ఎవరి వైపు ఉంటే వాళ్ళని గేటు దగ్గరే వ్యాను ఎక్కించి, కొండల అవతల ఉన్న దూరబడికి తీసుకుపోతారు. అక్కడ నోరు పూర్తిగా మెత్తబడ్డాకే ఇంటికి పంపిస్తారట. చూడ్డానికి వెళ్ళనివ్వరు, జాబులు రానివ్వరు.

అంతకుముందు ఏడు మా క్లాసు చూపించింది నా పక్కన కూర్చునే పిల్లని. పాపం, దానికి ఎక్కిళ్ళు. పట్టుకున్నాయంటే ఒక పట్టాన వదిలేవి కావు. ఇప్పుడది ఇద్దరు పిల్లల తల్లి, మా వీధిలోనే ఉంటుంది, ఇప్పటికీ ఎక్కిళ్ళు వస్తాయి, కనక దాని గురించి మీరు బెంగ పెట్టుకోకండి. ఆ ఏడు మాత్రం నా పక్క చోటు ఖాళీ. ఈసారి ఎవరి వంతో అందరికీ తెలుసు. నాది. నాకు తెలియకుండానే కూనిరాగం తీసే అలవాటు ఒకటి ఉంది. లెక్క కుదిరితే చాలు, నోట్లోంచి ఏదో పాట వచ్చేసేది. గోడ ఆగిపోయేది. అందరి తలలూ నా వైపు తిరిగేవి.

మా ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే. అమ్మ పెద్ద లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఆమె మడత పెట్టిన చొక్కా విప్పాలంటే పాపం అనిపించేది, అంత పద్ధతి. మాటా అంతే, మడత నలగదు. భయస్థురాలు. ఆమె నాతో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అనే మాట ఒకటే, "నోరు మూసుకో తల్లీ." కోప్పడి కాదు, బతిమాలినట్టు. అమ్మమ్మ దానికి పూర్తిగా వ్యతిరేకం. బడి చొక్కాలకి గుండీలు కుట్టడం ఆవిడ పని. కుడుతూ గుండీతో మాట్లాడేది, సూదితో మాట్లాడేది, వినేవాళ్ళు లేకపోతే కిటికీ తలుపుకైనా చెప్పుకునేది.

వానలు మొదలైన రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. చదువు ముగించని వాళ్ళెవరూ ఊళ్ళో పని చేయకూడదు, వయసుతో సంబంధం లేదు, బడిలో ఆఖరి ఏడాదైనా కూర్చుని తీరాలి. ఒక ఉద్యోగి గొడుగేసుకుని మా ఇంటికొచ్చాడు.

"ఎంతవరకు చదివారు మీరు?" అని అమ్మమ్మని అడిగాడు.

"భాగహారం దాకా వచ్చాను బాబూ. దాన్ని చూడగానే గోడ దూకి పారిపోయాను."

"అయితే రేపటి నుంచి బడికి రండి."

"గేటు తీసే ఉంటుందా, మళ్ళీ ఆ గోడే దూకాలా?"

అమ్మ ముఖం పాలిపోయింది. నాకేమో నవ్వాగలేదు. నోరు మూసుకో తల్లీ అంది అమ్మ.

మొదటి రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. అమ్మమ్మ బూడిద రంగు బడి కోటు తనే కొలిచి కుట్టుకుంది. మా అందరి కోట్లకన్నా ఆవిడదే బాగా కుదిరింది. వచ్చి ఎక్కిళ్ళ పిల్ల చోట్లో కూర్చుంది. క్లాసంతా గుడ్లు మిటకరించి చూస్తోంది. బెల్లయింది. గోడ మొదలుపెట్టింది.

"నిశ్శబ్దం పౌరుని మొదటి గుణం."

"ఊఁ," అంది అమ్మమ్మ.

గోడ ఆగింది. "శబ్దం వినిపించింది. మళ్ళీ మొదటి నుంచి. నిశ్శబ్దం పౌరుని మొదటి గుణం."

"ఊఁ. రెండోదేమిటి?"

"శబ్దం వినిపించింది. మళ్ళీ మొదటి నుంచి. నిశ్శబ్దం పౌరుని మొదటి గుణం."

"ఊఁ, అది విన్నాంగా. ముందుకి పోనియ్."

నేను కాలితో తన్నాను. మోచేత్తో పొడిచాను. లాభం లేదు. మా అమ్మమ్మకి ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఊఁ కొట్టకుండా వినడం చేత కాదు. ఊపిరి తీసుకోవడం ఎంతో అదీ అంతే. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టేసరికి గోడ ఇంకా ఆ మొదటి గుణం దగ్గరే ఉంది. మా క్లాసులో కొందరి ముఖాలు కోపంతో మండిపోతున్నాయి, కొందరు పుస్తకాల వెనక తలలు దాచుకుని చప్పుడు లేకుండా నవ్వుకుంటున్నారు.

అప్పుడు స్కేలు సారు వచ్చాడు. ఆయన బడికి పర్యవేక్షకుడు. మనిషి నిటారుగా, సన్నగా, స్కేలులాగే ఉంటాడు. గుణం కూడా అంతే, వంగదు. రూలంటే రూలే. ఒకసారి ఆయన సైకిలు పంచరై బెల్లయ్యాక వచ్చాడు. బెల్లయ్యాక గేటు తీయకూడదని రూలు. గేటు తాళం ఆయన జేబులోనే ఉంది. అయినా ఆ రోజంతా గేటు బయటే వానలో నిలబడ్డాడు, తాళం చెవి జేబులో పెట్టుకుని. మర్నాడు జ్వరం. అలాంటి మనిషి.

"విద్యార్థినీ, శబ్దం చేయకండి," అన్నాడు.

అమ్మమ్మ నా వంక చూసింది. "నిన్నేనే, పిడుగా."

"మిమ్మల్నేనండీ."

"నేనేం శబ్దం చేశాను బాబూ? ఊఁ కొట్టాను. అవతల మనిషి నోరు నొప్పెట్టేలా చెబుతుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం ఏం మర్యాద?"

"అది మనిషి కాదండీ."

"అయ్యో," అంది అమ్మమ్మ, నిజంగానే జాలిపడి. "అందుకే పాపం అలా ఉంది."

వెనక బల్ల మీంచి ఎవరో ఫక్కున నవ్వారు. మా గదిలో ఒకరి నవ్వు ఒకరు వినడం అదే మొదలు.

పాపం, అమ్మమ్మ ప్రయత్నించకపోలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊఁ ముక్కులోంచి వచ్చింది. రుమాలు కట్టుకుంది. రుమాల్లోంచి వచ్చింది. వినడం మానేస్తే సరిపోతుంది కదా అని కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టి గురక మొదలైంది. గోడకి గురక కూడా శబ్దమే.

మరీ ఎక్కువసార్లు అడ్డుపడితే గోడకి అలక వస్తుందని మాకు అప్పుడే తెలిసింది. "నిశ్శబ్దం నెలకొనేవరకు పాఠం నిలిపివేయబడింది" అని నోరు మూసుకునేది. అన్నేళ్ళలో అంత దూరం ఎవరూ తీసుకెళ్ళలేదు మరి. గోడ అలిగితే గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ చప్పుడుకి అమ్మమ్మ నోరు ఊరుకునేది కాదు.

"నాన్నా, నువ్వెవరి అబ్బాయివి?" అని ముందు బల్ల వాడి భుజం తట్టింది. వాడు మా క్లాసు లీడరు, పొడుగోడు. వెనక్కి తిరిగాడు గానీ, ముందు గోడ వంకా తర్వాత గుమ్మం వంకా చూశాడు. చివరికి, "దర్జీ గారి అబ్బాయినండీ," అన్నాడు.

మేమంతా ఉలిక్కిపడ్డాం. వాడి గొంతు మారిపోయింది. బావిలోంచి వచ్చినట్టు బొంగురుగా ఉంది. ఎప్పుడు మారిందో ఏమో, ఏళ్ళ తరబడి వాడి వీపు చూస్తూ కూర్చున్న నాకే తెలియదు. వాడికి కూడా గదిలో ఆ గొంతు కొత్తే కాబోలు, సిగ్గుపడి నవ్వాడు.

ఆ వానాకాలమంతా అదే వరస. పొద్దున గోడ మొదలుపెట్టడం, అమ్మమ్మ ఊఁ కొట్టడం, గోడ అలగడం, మేం ఒకరినొకరం తెలుసుకోవడం. గోళ్ళు కొరికే పిల్ల ఒకతి ఉండేది, మూల బల్ల మీద నీడలా కూర్చునేది. దానికి అన్ని జంతువుల కూతలూ వచ్చని తెలిసింది. మేకలా అరిస్తే నిజం మేక కూడా తిరిగి పలకాల్సిందే. నేను కూనిరాగం తీస్తే ఎవరూ కొరకొరా చూడడం లేదు. పొడుగోడు బల్ల మీద తాళం వేస్తున్నాడు. చీకటి పడ్డాక గాని ఇంటికి పోవడం లేదని ఎవరికీ పట్టడం లేదు. స్కేలు సారు రోజుకొకసారి వచ్చి, "విద్యార్థినీ," అనేవాడు. అమ్మమ్మ, "రా బాబూ, కూర్చో," అనేది. ఆయన కూర్చునేవాడు కాదు. కూర్చోవాలని ఉన్నట్టు మాత్రం ఒక్క క్షణం ఆగి వెళ్ళేవాడు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పొడుగోడు మా ఇంటికొచ్చాడు. అమ్మ బట్టలు మడత పెడుతోంది. అమ్మమ్మ గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుంది. వాడు గుమ్మంలోనే నిలబడి కాళ్ళు అటూ ఇటూ మార్చుకుంటున్నాడు.

"ఏరా నాన్నా, ఏమైంది?" అంది అమ్మమ్మ.

"వేలు చూపే రోజు దగ్గరకొచ్చిందండీ."

"ఊఁ."

"అందరూ మాట్లాడుకున్నారు. ఎవరికీ ఇష్టం లేదు. కానీ ఎవరినో ఒకరిని చూపించాలి కదా. చూపించకపోతే క్లాసు మొత్తాన్ని పంపిస్తారని రూలు." వాడు నా వంక చూడలేదు. "శబ్దమంటే మీ ఇద్దరి పేర్లే వస్తాయండీ. అయితే అమ్మమ్మగారు, లేకపోతే..."

అమ్మ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"దీనికింత నసుగుడెందుకురా?" అంది అమ్మమ్మ. "నన్నే చూపించండి. నేనూ నన్నే చూపించుకుంటాను. కొత్త ఊరు చూసినట్టూ ఉంటుంది. అక్కడ గోడ కాస్త కలుపుగోలుదేమో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. "నీ మోకాళ్ళకి మూడు మెట్లెక్కితే ఆయాసం. కొండల అవతలికి వెళ్తావా? నేను వెళ్తాను."

"నువ్వు పసిదానివి. నోరు మెత్తబడిపోతుంది. నాది ముదిరిపోయిన నోరు, దాన్ని ఎవడూ ఏమీ చేయలేడు."

"నేనే వెళ్తాను."

"నువ్వు వెళ్ళడానికి వీల్లేదే."

"నోరు మూసుకోండి ఇద్దరూ," అంది అమ్మ. ఈసారి బతిమాలినట్టు లేదు. చొక్కా అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మా ఇంట్లో ఇస్త్రీ చొక్కా సగం మడతలో ఉండిపోవడం నేనెప్పుడూ చూడలేదు. పొడుగోడు చెప్పులేసుకోవడం కూడా మర్చిపోయి, చేత్తో పట్టుకుని వెళ్ళాడు.

మర్నాటి నుంచి మా ఇద్దరికీ పోటీ. క్లాసు ఎవరిని చూపించాలో తేల్చుకోవాలంటే ఎవరు ఎక్కువ శబ్దం చేస్తారో తేలాలి కదా. అమ్మమ్మ ఊఁ అంటే నేను ఊఁహూఁ అనేదాన్ని. ఆవిడ దగ్గితే నేను తుమ్మేదాన్ని. ఆవిడ చేతికర్ర కింద పడేసింది. నేను జామెట్రీ పెట్టె పడేశాను. ఆవిడ జోలపాట ఎత్తుకుంది, మా అమ్మని నిద్రపుచ్చిన పాట. నేను బల్ల ఎక్కి గెంతాను. గోడ రోజుకొక వాక్యమైనా పూర్తి చేయలేకపోతోంది. క్లాసంతా కడుపు పట్టుకుని నవ్వుతోంది. నేనూ నవ్వుతున్నాను గానీ, పక్కనుంచి అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఆవిడ నాది పట్టుకుంది. బల్ల కింద, ఎవరికీ కనపడకుండా. ఆ చెయ్యి వదిలిపెట్టాల్సి వస్తుందంటే నాకు చచ్చేంత భయంగా ఉండేది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నుంచీ ముసురు. రూలు ప్రకారం తల్లులంతా పెట్టెలు సర్దుకుని గేటు బయట నిలబడాలి. ఎవరి బిడ్డను వ్యాను ఎక్కిస్తే వాళ్ళ పెట్టె వ్యాను ఎక్కుతుంది, మిగతావి ఇంటికి పోతాయి. బడికి వెళ్తూ వెనక్కి తిరిగి చూస్తే అమ్మ గొడుగు కింద నిలబడి ఉంది. పక్కన పెట్టె. ఒక్కటే. మేము ఇద్దరం విద్యార్థులం. పెట్టెలు రెండుండాలి.

అమ్మమ్మ కూడా చూసింది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం అదే మొదలు. అమ్మ ఎవరికి సర్దిందో ఇద్దరికీ అడగాలని ఉంది, ఇద్దరికీ వినాలని లేదు.

గదిలో స్కేలు సారు నల్లబల్ల పక్కన నిలబడ్డాడు. కిటికీలోంచి వ్యాను కనిపిస్తోంది. డ్రైవరు అద్దం తుడుచుకుంటున్నాడు. బెల్లయింది.

"ఈ గదిలో ఎక్కువ శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది?" అని అడిగింది గోడ. "వేలు చూపండి."

నేను గబుక్కున నా గుండె మీద వేలు పెట్టుకున్నాను. పక్కన అమ్మమ్మ కూడా తన మీద పెట్టుకుంది. నేను కళ్ళు మూసేసుకున్నాను. ఎవరి వేలు నా వైపు ఉందో, ఎవరిది ఆవిడ వైపు ఉందో చూసే ధైర్యం లేదు.

"ఆలస్యం చేయకండి. ఈ గదిలో ఎక్కువ శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది? వేలు చూపండి," అంది గోడ మళ్ళీ.

కాసేపటికి స్కేలు సారు గొంతు వినిపించింది. "నన్నా?" అన్నాడు.

కళ్ళు తెరిచాను. మూల బల్ల మీంచి గోళ్ళ పిల్ల వేలు చాపి ఉంది, కొరికిన గోరుతోనే. ముందుకి, సారు నిలబడ్డ వైపు. సారు ముఖం తెల్లబోయింది. మనిషి ఒక అడుగు పక్కకి జరిగాడు. వేలు జరగలేదు. ఇంకో అడుగు జరిగాడు. వేలు అక్కడే ఉంది, నల్లబల్ల పైకి చూపిస్తూ. పొడుగోడు ఒక్క క్షణం ఆ వేలి వంక చూశాడు. తన వేలు కూడా అటే ఎత్తాడు. తర్వాత పక్కవాడు. తర్వాత వెనక బల్ల. ఒక్కొక్క చెయ్యే లేచింది. గది నిండా వేళ్ళు, అన్నీ స్పీకరు మీదికి.

"ఈ గదిలో ఎక్కువ శబ్దం ఎక్కడి నుంచి వస్తోంది?" అని అడుగుతూనే ఉంది గోడ.

"పాఠం చెప్పేదాన్ని చూపించకూడదు," అన్నాడు సారు.

"అలా అని రూల్లో ఉందాండీ?" అన్నాడు పొడుగోడు, ఆ బొంగురు గొంతుతో, చాలా మర్యాదగా.

సారు ఆలోచించాడు. ఆయన రూల్సన్నీ కంఠతా వచ్చిన మనిషి. ఆయన పెదాలు కదులుతున్నాయి, ఒక్కొక్క రూలే లోపల చదువుకుంటున్నాడు. మొదటి నుంచి చివరి దాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చాడు. గోడ ఇంకోసారి అడిగింది. ఇంకోసారి. ఆయన తల ఎత్తి దాన్ని చాలాసేపు చూశాడు. అన్నేళ్ళూ రోజూ విన్న గొంతే, కానీ అప్పుడే మొదటిసారి విన్నట్టు చూశాడు.

"లేదు," అన్నాడు చివరికి. "ఎక్కువ వేళ్ళు ఎటుంటే అదే వెళ్ళాలి. రూలు రూలే."

బల్ల జరిపించి, దాని మీదికెక్కాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. ఒక్కొక్క స్క్రూ జాగ్రత్తగా విప్పి జేబులో వేసుకున్నాడు. వైరు లాగేసరికి గోడ "ఎక్కడి ను" అని ఆగిపోయింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను దింపినట్టు దింపాడు.

డ్రైవరు వ్యాను దగ్గర దాన్ని చూసి నోరెళ్ళబెట్టాడు. కిటికీల్లోంచి మేమంతా ఒకరి మీద ఒకరం పడి చూస్తున్నాం.

"దీనికీ కంబళి ఇవ్వాలాండీ?" అన్నాడు.

"వెళ్ళేవాళ్ళకి కంబళి ఇవ్వాలని రూలు," అన్నాడు సారు. "కప్పు."

కప్పాడు. వ్యాను తలుపు వేశాడు. వ్యాను కదిలి, మలుపు తిరిగి, కనపడకుండా పోయాక, సారు వచ్చి అమ్మమ్మ పక్కన, మా బల్ల చివర కూర్చున్నాడు. అమ్మమ్మ నన్ను కాస్త జరగమంది.

గేటు తీసేసరికి వాన వెలిసింది. తల్లులు పిల్లల్ని వెతుక్కుంటున్నారు, వ్యాను ఎవరి పెట్టే ఎక్కించుకోకుండా పోయింది, కంబళి కింద ఎవరి బిడ్డ ఉందో తెలియక అందరూ అందరి ముఖాలూ చూస్తున్నారు. అమ్మ అక్కడే ఉంది. మేమిద్దరం చేతులు పట్టుకుని నడిచొస్తుంటే ముందు నన్ను చూసింది, తర్వాత అమ్మమ్మని, తర్వాత మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసింది.

"ఇద్దరూ వచ్చేశారేం?" అంది.

"వద్దంటే చెప్పు, ఒకరం వెనక్కి పోతాం," అంది అమ్మమ్మ.

అమ్మ నవ్వలేదు. పెట్టె అందుకోబోయింది, నేను అడ్డుపడ్డాను. నేనే ఎత్తబోయాను. పైకి లేవలేదు. అమ్మమ్మ ఒక పక్క పిడి పట్టుకుంది, నేనొకటి పట్టుకున్నాను, ఇద్దరం రొప్పుకుంటూ వీధంతా మోసుకొచ్చాం. ఇంత బరువేమిటో నాకు అర్థం కాలేదు. దారిలో అమ్మమ్మ స్పీకరు కథంతా చెప్పింది, సారు నడిచినట్టు నడిచి చూపించింది. అమ్మ వింటోందో లేదో తెలియలేదు. నా మనసంతా పెట్టె మీదే ఉంది. నాకు సర్దిందా, అమ్మమ్మకి సర్దిందా? నాకైతే అమ్మమ్మని ఉంచుకోవాలనుకుందన్నమాట. అమ్మమ్మకైతే నన్ను. రెండూ భరించలేను.

ఇంటికొచ్చాక అమ్మమ్మే మూత తీసింది. ఎంతైనా ధైర్యం ఆవిడదే.

పైన నా గౌన్లు. నా తలకి కట్టుకునే రిబ్బన్లు, నా జలుబు మందు. అమ్మమ్మ వాటిని పక్కకి తీసింది. కింద ఆవిడ ఉన్ని మేజోళ్ళు, మోకాళ్ళ నూనె, గుండీల డబ్బా, దారం ఉండలు. అమ్మమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వాటినీ తీసింది. అడుగున ఇంకా బట్టలున్నాయి. ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి, ఒక్క ముడత లేకుండా మడత పెట్టినవి. లాండ్రీకి వేసుకెళ్ళేవి, ఇంట్లో కట్టుకునేవి, అమ్మకున్న ఒకే ఒక్క మంచి కోటు.

"ఇవి నీవి కదే?" అంది అమ్మమ్మ. "నీవెందుకున్నాయిందులో?"

అమ్మ మాకు వీపు తిప్పి టీకి నీళ్ళు పెడుతోంది.

"మీలో ఎవర్ని ఎక్కించినా రెండోవాళ్ళు ఆ వ్యాను వెంట పడి పరిగెత్తుతారని నాకు తెలుసు," అంది. "ఇద్దరూ పోయాక, ఈ ఇంట్లో నేను ఎవర్ని నోరు మూసుకోమని చెప్పను?"